ఎస్.ఎస్. శ్రీఖండే జీవితం, గణితం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీఖండే ఎవరు?

పూర్తి పేరు శరద్‌చంద్ర శంకర్ శ్రీఖండే. 1917 అక్టోబర్ 19న సాగర్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉంది. 2020 ఏప్రిల్ 21న విజయవాడలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 102. పద్దెనిమిదో శతాబ్దపు స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ 1782లో చేసిన ఒక ఊహ తప్పని 1959లో తేల్చిన ముగ్గురిలో ఆయన ఒకరు. మిగతా ఇద్దరు ఆయన గురువు ఆర్.సి. బోస్, అమెరికన్ గణితజ్ఞుడు ఇ.టి. పార్కర్.

ఎక్కడ ఆయన గురించి రాసినా కథ ఈ ఒక్క సంగతితో మొదలై దీంతోనే ముగుస్తుంది. నాకది సగం కథే అనిపిస్తుంది. ఆయన పేపర్లు వరసగా చూస్తే మూడే ప్రశ్నలు తిరిగి తిరిగి కనిపిస్తాయి. ఇలాంటి అమరిక అసలు ఉంటుందా? లేకపోతే, లేదని ఎలా చూపిస్తాం? ఉంటే అది ఒక్కటేనా? మూడింటికీ ఆయన దగ్గర పేరు నిలబడే జవాబులు ఉన్నాయి. ఆయిలర్ సంగతి వాటిలో ఒకటి.

కాంబినేటరిక్స్ అంటే ఇంటర్‌లో చదివిన ప్రస్తారాలు, సంయోగాలేనా?

మొదలు అక్కడే. పదిమందిలో ముగ్గురిని ఎన్ని రకాలుగా ఎంచవచ్చో లెక్కపెట్టడం అందులో ఒక భాగం. శ్రీఖండే పనిచేసింది ఇంకో భాగంలో. దాన్ని డిజైన్ల సిద్ధాంతం అంటారు. అక్కడ ఎన్ని రకాలు అన్న ప్రశ్న తర్వాతే వస్తుంది. పెట్టిన షరతులన్నీ ఒకేసారి తీర్చే అమరిక ఒక్కటైనా ఉందా అన్నదే మొదటి ప్రశ్న. వినడానికి తేలిక, తేల్చడానికి కొన్నిసార్లు వందేళ్ళు పడుతుంది.

ఆయన చదువు, తొలి ఉద్యోగాలు?

నాగపూర్‌లో చదువుకున్నారు. కొంతకాలం కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నారు. 1940ల చివర్లో అమెరికా వెళ్ళి, చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో బోస్ దగ్గర 1950లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. తిరిగొచ్చి నాగపూర్‌లోనే కాలేజీ పాఠాలు చెప్పారు. 1950ల చివర్లో మళ్ళీ చాపెల్ హిల్ చేరారు. పెద్ద ఫలితం వచ్చింది అప్పుడే.

బోస్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయనా ఇప్పటి మధ్యప్రదేశ్ ప్రాంతంలోనే, హోషంగాబాద్‌లో 1901లో పుట్టారు. స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు మహలనోబిస్ పిలుపుతో అందులోకి వచ్చేదాకా ఆయన చదివింది జ్యామితి. పొలాల్లో చేసే ప్రయోగాలకు పరిమిత జ్యామితిని (కొన్ని బిందువులే ఉండే జ్యామితి), గాల్వా ఫీల్డులను (కూడిక, గుణకారం, భాగహారం చేయగలిగే పరిమిత సంఖ్యావ్యవస్థలు) వాడవచ్చని 1938లో చూపించి ఒక కొత్త దారి తెరిచారు. శ్రీఖండే నడిచింది ఆ దారిలోనే.

36 మంది అధికారుల సమస్య ఏమిటి?

ఆరు సైనిక దళాలు, ఆరు హోదాలు. ఒక్కో దళం నుంచి ఒక్కో హోదాకు ఒకరు చొప్పున మొత్తం 36 మంది అధికారులు. వీళ్ళను 6×6 చదరంగా నిలబెట్టాలి. ప్రతి అడ్డు వరుసలోనూ, ప్రతి నిలువు వరుసలోనూ ఆరు దళాలూ రావాలి, ఆరు హోదాలూ రావాలి. ఆయిలర్ దీన్ని 1782లో అచ్చయిన వ్యాసంలో పెట్టి, ఇది కుదరదనిపిస్తోందని రాశాడు.

చిన్న సంఖ్యతో చూస్తే సులువుగా అర్థమవుతుంది. మూడుకు ఇలా కుదురుతుంది:

1క 2ఖ 3గ
2గ 3క 1ఖ
3ఖ 1గ 2క

అంకెలు మాత్రమే చూడండి: ఏ వరుసలోనూ ఏదీ రెండుసార్లు రాలేదు. అక్షరాలు మాత్రమే చూసినా అంతే. ఇలాంటి ఒక్కో చదరాన్నీ లాటిన్ చదరం అంటారు. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెడితే తొమ్మిది జతలూ వేరువేరుగా వచ్చాయి కాబట్టి ఇవి జోడీ చదరాలు. వీటికి గణితంలో ఆర్థోగొనల్ చదరాలని పేరు. ఈ పేజీలో జోడీ అనే అంటాను.

పేకముక్కలతోనూ ఆడవచ్చు. ఆసు, రాజు, రాణి, జాకీ, నాలుగు రంగుల్లోవీ తీస్తే 16 ముక్కలు. ప్రతి వరుసలో నాలుగు బొమ్మలు, నాలుగు రంగులు వచ్చేలా 4×4గా పేర్చండి. పది నిమిషాల్లో కుదురుతుంది. 2×2కి మాత్రం కుదరదు. పై వరుసలో 1క, 2ఖ పెడితే 1 కిందా క కిందా రావలసింది 2ఖ. అది ముందే వాడేశాం.

ఆయిలర్ ఊహ సరిగ్గా ఏమిటి?

బేసి సంఖ్యలన్నిటికీ, 4తో భాగించబడే సంఖ్యలన్నిటికీ జోడీ చదరాలు ఎలా కట్టాలో ఆయిలర్ చూపించాడు. మిగిలినవి 2, 6, 10, 14, 18, 22... అంటే 4తో భాగిస్తే 2 మిగిలే సంఖ్యలు. వీటిలో దేనికీ జోడీ ఉండదని ఊహించాడు. రెండుకు లేదన్నది పైన చూశాం. ఆరుకు లేదని 1900, 1901లలో గాస్టన్ టారీ తేల్చాడు. ఆయన అల్జీరియాలో ఫ్రెంచి ప్రభుత్వోద్యోగి. 6×6 లాటిన్ చదరాలు మొత్తం 81,28,51,200. అంకెల పేర్లూ వరుసల క్రమమూ మార్చితే వచ్చేవాటిని పక్కన పెడితే 9,408 మిగులుతాయి. వాటిని 17 కుటుంబాలుగా విడగొట్టి చేత్తోనే పరిశీలించాడు. ఓపిక అంటే అదీ.

177 ఏళ్ళు అందరూ ఎందుకు నమ్మారు?

ఆయిలర్ పేరుకు ఉన్న బరువు ఒక కారణం. దానికంటే గట్టి కారణం ఇంకొకటి ఉంది. అప్పటికి తెలిసిన నిర్మాణ పద్ధతి సంఖ్యను ప్రధాన ఘాతాలుగా విడగొట్టి, ముక్కలకు చదరాలు కట్టి, వాటిని గుణించి అతికేది. 12 అంటే 4, 3. రెండింటికీ జోడీలు ఉన్నాయి కాబట్టి 12కూ వస్తుంది. 10 అంటే 2, 5. రెండు దగ్గరే బండి ఆగిపోతుంది. 1922లో మెక్‌నీష్ అనే గణితజ్ఞుడు ఇంకో అడుగు ముందుకేసి, ఈ పద్ధతి ఎన్ని చదరాలిస్తుందో అంతకుమించి అసలు ఉండవని ఊహించాడు. అది నిజమైతే ఆయిలర్ చెప్పింది దానంతటదే నిజమవుతుంది.

1950లలో కంప్యూటర్లు వచ్చాక లాస్ ఏంజెలెస్‌లోని స్వాక్ అనే యంత్రం మీద 10×10 జోడీ కోసం వెతికారు. వంద గంటలకు పైగా నడిపినా ఏమీ దొరకలేదు. నిజానికి వెతికింది సముద్రంలో చెంచాడు. అయినా దొరకలేదన్న మాట నమ్మకాన్ని ఇంకాస్త గట్టిచేసింది.

1959లో ఏం జరిగింది?

మొదటి దెబ్బ పార్కర్‌ది. మెక్‌నీష్ లెక్కలో 21కి పరస్పరం జోడీ కట్టే చదరాలు రెండే ఉండాలి. ఎందుకంటే 21 అంటే 3, 7. పార్కర్ అంతకంటే ఎక్కువ కట్టి చూపించాడు. దీంతో ఆయిలర్ ఊహ వెంటనే పడిపోలేదు, కానీ దాని కింది ఆధారం కదిలింది. ఈ ఫలితం చూసిన బోస్, శ్రీఖండే ఆ ఆలోచనను సాధారణ రూపంలోకి తెచ్చి 22×22కు జోడీ కట్టారు. అక్కడ ఊహ కూలింది. ఆ వెంటనే పార్కర్ 10×10 తెచ్చాడు. ఆ తర్వాత ముగ్గురూ కలిసి మొత్తం తేల్చేశారు. 2, 6 తప్ప ప్రతి సంఖ్యకూ జోడీ ఉంది. అంటే ఆయిలర్ ఊహ ఆ రెంటికి మాత్రమే నిజం, అనంతమైన మిగతావన్నిటికీ తప్పు.

1959 ఏప్రిల్ 26న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఈ వార్త వచ్చింది. గణితం మొదటి పేజీకి ఎక్కడం ఎప్పుడో గానీ జరగదు. ముగ్గురికీ 'ఆయిలర్ స్పాయిలర్లు' అని పేరు పెట్టేశారు. అదే ఏడాది నవంబర్‌లో సైంటిఫిక్ అమెరికన్ అట్టమీద 10×10 చదరం రంగుల బొమ్మగా వచ్చింది.

22×22 ఎలా కట్టారు? గణితం పెద్దగా రాని వాళ్ళకు చెప్పగలరా?

చెప్పవచ్చు. ఈ పేజీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపిక పట్టండి.

1850లో ఇంగ్లండులోని థామస్ కిర్క్‌మన్ అనే చర్చి ఫాదరీ ఒక పొడుపు ప్రశ్న వేశాడు. బడిలో 15 మంది అమ్మాయిలు. రోజూ ముగ్గురేసి ఐదు వరుసల్లో షికారుకు వెళ్తారు. ఏడు రోజుల్లో ఏ ఇద్దరూ ఒకే వరుసలో రెండోసారి కలవకూడదు. ఇది కుదురుతుంది. లెక్క సరిగ్గా సరిపోతుంది కూడా: ఒక్కో అమ్మాయికి రోజుకు ఇద్దరు చొప్పున ఏడు రోజుల్లో 14 మంది, అంటే తక్కిన అందరితోనూ సరిగ్గా ఒకేసారి.

ఇప్పుడు ఏడు రోజులకు ఏడుగురు టీచర్లను పెట్టండి, రోజుకొకరు. సోమవారం టీచరమ్మ సోమవారం నాటి ఐదు వరుసల్లోనూ చేరుతుంది. ముగ్గురి గుంపు నలుగురి గుంపవుతుంది. ఏడు రోజులకు ఇలాంటి గుంపులు 35. చివరగా టీచర్ల సమావేశం ఒకటి, ఏడుగురి గుంపు. మొత్తం మనుషులు 15, 7 కలిపి 22. ఇందులో ఏ ఇద్దరిని తీసుకున్నా వాళ్ళు కలిసే గుంపు సరిగ్గా ఒకటే. ఇద్దరు అమ్మాయిలైతే వాళ్ళు కలిసి నడిచిన రోజు. అమ్మాయి, టీచరమ్మ అయితే ఆ టీచరమ్మ రోజున ఆ అమ్మాయి ఉన్న వరుస. ఇద్దరు టీచర్లయితే సమావేశం.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. నలుగురి గుంపుకు 4×4 జోడీ చదరాలు ఉన్నాయి, ఏడుగురికి 7×7 ఉన్నాయి. పైగా ఈ జోడీలను కర్ణం మీద ఎవరి గడిలో వాళ్ళ నంబరే ఉండేలా కట్టవచ్చు. ఇప్పుడు 22×22 ఖాళీ చదరం గీయండి. 5వ అడ్డు వరుస, 18వ నిలువు వరుస కలిసే గడిలో ఏం రాయాలి? 5, 18 నంబర్ల వాళ్ళు కలిసే గుంపు ఒక్కటే కదా. ఆ గుంపు చిన్న చదరంలో వాళ్ళిద్దరి గడిలో ఏముందో అదే ఇక్కడ రాయండి. కర్ణం మీద ఎవరి నంబరు వాళ్ళది. జోడీలోని రెండు చదరాలకూ ఇలాగే చేయండి. 22×22 జోడీ తయారు!

ఎక్కడా 22ను 2, 11గా విడగొట్టలేదని గమనించండి. పాత పద్ధతి గుణకారం మీద నడిచేది, ఇది 15కు 7 కలపడం మీద నడిచింది. 2 అనే ఇరుకు సందును దాటలేక అందరూ అక్కడే నిలబడి ఉంటే, వీళ్ళు అటు పోనే లేదు.

10×10 కంప్యూటర్ కనిపెట్టిందా?

లేదు. ఈ అపోహ రావడానికి కారణముంది. అప్పట్లో పార్కర్ ఉద్యోగం రెమింగ్టన్ రాండ్ కంపెనీ యూనివాక్ కంప్యూటర్ల విభాగంలో. కానీ ఆ చదరం కట్టింది ఆలోచనతోనే. 10ని 7, 3గా చూసి, 7తో భాగిస్తే మిగిలే శేషాల అంకగణితంతో పెద్ద భాగం నింపి, మూలలో 3×3 చదరం అమర్చాడు. ఆ తర్వాత కంప్యూటర్‌తో వెతికితే ఇంకా బోలెడు దొరికాయి.

ఆయిలర్ సంగతి కాక ఆయన చేసిన పెద్ద పనులేమిటి?

వరసగా చెప్పడంకంటే మూడింటిని దగ్గరగా చూద్దాం.

మొదటిది 1950 నాటిది, కుదరదని చూపే ఫలితం. 22 రకాల విత్తనాలు, 22 మళ్ళు అనుకోండి. మడికి ఏడు రకాలు వేయాలి, ఏ రెండు రకాలను తీసుకున్నా సరిగ్గా రెండు మళ్ళలో కలవాలి. మామూలు లెక్క సరిపోతుంది: 7ను 6తో గుణిస్తే 42, 21ని 2తో గుణించినా 42. అయినా ఇలాంటి అమరిక లేదు. శ్రీఖండే చెప్పిన షరతు ఇది. మళ్ళూ రకాలూ సమాన సంఖ్యలో ఉండి, ఆ సంఖ్య సరి సంఖ్య అయితే, మడికి వేసే రకాల నుంచి జతలు కలిసే సంఖ్యను తీసేస్తే వచ్చేది పూర్ణ వర్గం కావాలి. ఇక్కడ 7 నుంచి 2 తీస్తే 5, వర్గం కాదు. రుజువు ముచ్చటగా చిన్నది. ఏ మడిలో ఏ రకం ఉందో 1, 0లతో మాత్రిక రాస్తే, దాని నిర్ధారకం పూర్ణాంకం. ఆ నిర్ధారకపు వర్గాన్ని వేరేదారిలో లెక్కగడితే 7 వర్గాన్ని 5 యొక్క 21వ ఘాతంతో గుణించినది వస్తుంది. బేసి ఘాతంలో ఉన్న 5 వల్ల అది పూర్ణ వర్గం కాలేదు. ఇదే సంగతిని ఆ రోజుల్లోనే షుట్జెన్‌బర్జర్, చౌలా-రైజర్ కూడా విడివిడిగా కనుక్కున్నారు. చౌలా కూడా మన దేశం నుంచి వెళ్ళినవాడే.

రెండోది ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన శ్రీఖండే గ్రాఫ్. గ్రాఫ్ అంటే ఇక్కడ గీతలతో కలిపిన చుక్కల బొమ్మ. 1959 సంవత్సరానిదే, ఆయిలర్ హడావుడిలో కొంత మరుగునపడింది. చదరంగపు బల్ల లాంటి 4×4 గడులు తీసుకోండి. ఒకే వరుసలో, అంటే ఏనుగు ఒక్క ఎత్తులో చేరగలిగే గడులను గీతలతో కలపండి. ప్రతి గడికీ ఆరుగురు పొరుగువాళ్ళు వస్తారు. కలిసి ఉన్న ఏ రెండు గడులకైనా ఉమ్మడి పొరుగువాళ్ళు ఇద్దరు, కలవని రెండింటికీ ఇద్దరే. ఇదే ధర్మం n×n బల్లకూ తగిన సంఖ్యలతో ఉంటుంది. మరి ఆ సంఖ్యలు ఇస్తే, ఆ గ్రాఫు తప్పనిసరిగా ఏనుగు బల్లే అవుతుందా? అవుతుంది, 4 తప్ప అన్నిచోట్లా. 4 దగ్గర మాత్రం ఇంకొకటి ఉంది, ఇంకొకటే ఉంది. అదే శ్రీఖండే గ్రాఫ్.

కాగితం మీద గీసుకోవచ్చు. మళ్ళీ 4×4 చుక్కలు పెట్టండి. కుడి అంచు దాటితే ఎడమ అంచుకూ, పై అంచు దాటితే కిందికీ వస్తామనుకోండి. ప్రతి చుక్కనూ దాని కుడి, ఎడమ, పై, కింది చుక్కలతోనూ, ఒక్క కర్ణం దిశలో మాత్రం రెండు వైపులా ఉన్న చుక్కలతోనూ కలపండి. 16 చుక్కలు, 48 గీతలు. అంకెలన్నీ ఏనుగు బల్లతో సమానం. తేడా ఎక్కడ? ఏదైనా చుక్క పొరుగువాళ్ళ ఆరుగురినే విడిగా చూడండి. ఏనుగు బల్లలో వాళ్ళు రెండు వేరువేరు త్రిభుజాలుగా ఉంటారు, ఇక్కడ ఒకే షడ్భుజిగా చేతులు పట్టుకుని ఉంటారు. గ్రాఫ్ సిద్ధాంతంలో ఎవరైనా కొత్త పద్ధతి తెచ్చి రెండు గ్రాఫుల తేడా పట్టగలనంటే, ముందు దీని మీద పరీక్షించి చూపమంటారు. ఈ జంట అంత కొరకరాని కొయ్య.

మూడోది 1961లో వచ్చిన రెండు పేజీల పేపరు. ఒక సంఖ్యకు పరస్పరం జోడీ కట్టే చదరాలు ఎన్ని ఉన్నా, అవి ఆ సంఖ్యకంటే ఒకటి తక్కువకు మించవు. 10 అయితే గరిష్ఠం 9. శ్రీఖండే చెప్పింది ఇది: సంఖ్యకంటే మూడు తక్కువ చదరాలు మీ దగ్గర ఉంటే, మిగతా రెండూ తప్పకుండా దొరుకుతాయి. ఇక్కడ కూడా 4 ఒక్కటే మినహాయింపు. ఈ చిన్న ఫలితం దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత ఎలా పనికొచ్చిందో కింద చెబుతాను.

ఇవి కాక కోడింగ్ సిద్ధాంతంలో (సందేశాల్లో దొర్లే తప్పులను పట్టే సంకేతాల శాస్త్రం) హడమార్డ్ మాత్రికలను (1, -1లతో నిండిన ఒక రకం మాత్రికలు) వాడుతూ బోస్‌తో కలిసి 1959లో రాసిన పేపరు ఉంది.

భారతదేశానికి తిరిగొచ్చాక?

1960లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరారు. 1963 నుంచి 1978లో రిటైరయ్యేదాకా బొంబాయి విశ్వవిద్యాలయంలో గణిత శాఖకు తొలి అధిపతి, అక్కడి ఉన్నత గణిత అధ్యయన కేంద్రానికి వ్యవస్థాపక డైరెక్టరు. ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేథమెటికల్ స్టాటిస్టిక్స్ ఆయన్ను ఫెలోగా ఎన్నుకున్నాయి. 1970లలో నవీన్ సింఘీతో కలిసి లామ్డా డిజైన్లు అనే ఒక రకం అమరికల మీద పనిచేశారు. భార్య శకుంతల 1988లో పోయారు.

మొదటి పేజీకెక్కిన మనిషి అమెరికాలోనే ఉండిపోకుండా ఏడాదికే కాశీకి రావడం నాకు విశేషంగా తోస్తుంది.

తెలుగువాళ్ళతో ఏదైనా సంబంధం ఉందా?

ఉంది. ఆయన కన్నుమూసింది విజయవాడలో అన్నది మొదట్లోనే చెప్పాను. గణితంలో రెండు సంబంధాలున్నాయి. దామరాజు రాఘవరావుతో కలిసి 1963 ప్రాంతంలో బ్లాక్ డిజైన్ల (పైన విత్తనాలు, మళ్ళతో చూసినలాంటి అమరికలు) మీద పేపర్లు రాశారు. రాఘవరావు తర్వాత అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. డిజైన్ల నిర్మాణం మీద 1971లో వచ్చిన ఆయన పుస్తకాన్ని ఈ రంగంలోవాళ్ళు ఇప్పటికీ తిరగేస్తుంటారు.

రెండోది స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరిన రావు 1940లలో ఆర్థోగొనల్ ఎరేలనే పట్టికలను ప్రవేశపెట్టారు. జోడీ లాటిన్ చదరాలు ఆ ఎరేలలో ఒక రకం మాత్రమే. 10×10 జోడీని వంద వరుసల, నాలుగు నిలువు గళ్ళ పట్టికగా రాయవచ్చు: గడి ఉన్న అడ్డు వరుస, నిలువు వరుస, మొదటి చదరంలో అంకె, రెండో చదరంలో అంకె. ఏ రెండు గళ్ళు తీసుకున్నా వంద జతలూ ఒక్కోసారే వస్తాయి. ఇంకో ముచ్చట: రావు కూడా 2023లో 102 ఏళ్ళ వయసులోనే వెళ్ళిపోయారు. బ్లాక్ డిజైన్లకూ ఆయుష్షుకూ ఏదో సంబంధం ఉండి ఉండాలి!

ఇదంతా ఎందుకు పనికొస్తుంది?

అగ్రికల్చర్ బీఎస్సీ చదివినవాళ్ళు సీఆర్‌డీ, ఆర్‌బీడీ, ఎల్‌ఎస్‌డీ అని పొలం ప్రయోగాల పద్ధతుల మూడు పేర్లు బట్టీ పట్టి ఉంటారు. మూడోది లాటిన్ చదరమే. పొలంలో ఒక వైపు సారం ఎక్కువ, ఇంకో వైపు తేమ ఎక్కువ ఉంటే, ప్రతి వంగడాన్నీ ప్రతి అడ్డు, నిలువు పట్టీలో ఒక్కోసారి వేస్తే ఆ తేడాల ప్రభావం విడిపోతుంది. ఇంగ్లండులోని రొథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్ళకు ఇంకో రూపంలో తెలుసు. నాలుగు సెట్టింగులు, ఒక్కోదానికి మూడు విలువలు ఉంటే మొత్తం కలయికలు 81. పైన రాసిన 3×3 జోడీని పట్టికగా మార్చితే తొమ్మిది టెస్టులు చాలు, ఏ రెండు సెట్టింగుల ఏ జత విలువలైనా ఒకసారి పరీక్షకు వస్తాయి. బగ్గు రెండు సెట్టింగుల కలయిక వల్ల వచ్చేదైతే దొరికిపోతుంది. మూడింటి వల్ల వచ్చేదైతే దొరుకుతుందన్న హామీ లేదు, అది గుర్తుంచుకోవాలి.

సుడోకు? నింపిన సుడోకు 9×9 లాటిన్ చదరమే, 3×3 గదుల షరతు అదనం. అంతకుమించి దీనితో బంధుత్వం కలపనక్కర్లేదు.

ఇంత చేసినా ఆయన పేరు మనవాళ్ళకు ఎందుకు తెలియదు?

నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోవాలనేం లేదు. డిజైన్ల సిద్ధాంతం మన దేశంలో స్టాటిస్టిక్స్ ఇంట్లో పెరిగింది. గణిత శాఖలు దాన్ని చాలాకాలం తమదిగా చూసుకోలేదు, స్టాటిస్టిక్స్ శాఖలు అందులోని అందాన్ని పట్టించుకోకుండా పట్టికలు మాత్రం వాడుకున్నాయి. ఎమ్మెస్సీలో చాలామందికి బ్లాక్ డిజైన్ అంటే అనోవా (తేడాలకు కారణాలను విడగొట్టే స్టాటిస్టిక్స్ లెక్క) పట్టిక నింపడమే. కిర్క్‌మన్ అమ్మాయిల లెక్క అక్కడ చెప్పరు, దాన్నుంచి 22 వచ్చిందనీ చెప్పరు. మనకు గణితజ్ఞుడంటే పేదరికం, స్వప్నాలు, చిన్న వయసులో మరణం ఉన్న కథ కావాలి. ఉద్యోగం చేసుకుంటూ నూరేళ్ళు దాటి బతికిన కాలేజీ మాస్టారు ఆ మూసలో ఇమడడు.

ఇంకా తేలని ప్రశ్నలు ఉన్నాయా?

పెద్దది ఒకటి ఉంది. 10×10లో ఒకదానికొకటి జోడీ అయ్యే చదరాలు రెండు ఉన్నాయని 1959 నుంచి తెలుసు. మూడు ఉన్నాయా? ఎవరికీ తెలియదు. పై హద్దు మాత్రం తెలుసు, అక్కడే 1961 నాటి రెండు పేజీల పేపరు పనికొచ్చింది. తొమ్మిది చదరాలు ఉంటే ఒక రకం పరిమిత జ్యామితి అయిన ప్రక్షేప తలం 10 అనే సంఖ్యకూ ఉన్నట్టే. అలాంటి తలం లేదని 1989లో కెనడాలో క్లెమెంట్ లామ్, ఆయన సహచరులు వేల గంటల కంప్యూటర్ వెతుకులాటతో తేల్చారు. కాబట్టి తొమ్మిది లేవు, ఎనిమిదీ లేవు. ఏడు ఉంటే? శ్రీఖండే ఫలితం ప్రకారం మిగతా రెండూ వచ్చి తొమ్మిది అవుతాయి. అవి లేవు కనుక ఏడూ లేవు. అందుకే జవాబు 2కూ 6కూ మధ్య ఎక్కడో ఉంది. ఆరు దశాబ్దాలు దాటినా ఆ 2 అనే కింది హద్దు మూడుకు ఎక్కలేదు.

36 మంది అధికారులకు ఇప్పుడు పరిష్కారం దొరికిందని వార్త చదివాను, నిజమేనా?

నిజమే, కానీ టారీ తప్పు చేశాడని కాదు. 2022లో ఐఐటీ మద్రాసు, పోలండ్ శాస్త్రవేత్తల బృందం ప్రచురించిన పేపరులో అధికారులు మామూలు అధికారులు కారు. ఒక్కో గడిలో ఒక దళం, ఒక హోదాకు బదులు వాటి క్వాంటమ్ కలయికలు ఉండవచ్చునని ఒప్పుకుంటే 6×6 కుదురుతుంది. క్వాంటమ్ ఎంటాంగిల్‌మెంట్ మీద పనిచేసేవాళ్ళకు ఇది ఉపయోగం. మామూలు మనుషులతో నిలబెట్టాలంటే 1901లో చెప్పిన జవాబే ఇప్పటికీ.

డిజైన్ల మీద పుస్తకాల్లో కనిపించే ఎం.ఎస్. శ్రీఖండే ఆయనేనా?

కాదు, ఆయన కుమారుడు మోహన్ శ్రీఖండే. అమెరికాలో సెంట్రల్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశారు, ఆయనదీ కాంబినేటరిక్సే. శరద్ సానేతో కలిసి క్వాసీ సిమెట్రిక్ డిజైన్లు అనే ఒక రకం బ్లాక్ డిజైన్ల మీద 1991లో పుస్తకం రాశారు. గ్రాఫు పేరు మాత్రం తండ్రిది.